వానకాలపు చలిలో కరెంటు బండి: కవరైపేట్టై వైపు నుంచి ఒక సమీక్ష

కరెంటు స్కూటర్‌ను చలికాలంలో ఎలా నడపాలి అని అడిగితే దొరికే జవాబుల్లో ఎక్కువ భాగం మంచు కురిసే దేశాలవి. సున్నా డిగ్రీల కింద బ్యాటరీ ఎంత నీరసిస్తుంది, ఇంట్లోకి తెచ్చాక ఎంతసేపు ఆగి చార్జింగ్ పెట్టాలి, గడ్డకట్టిన రోడ్డు మీద టైరుకు పట్టు ఎలా దొరుకుతుంది అన్న వాటి చుట్టూనే ఆ చర్చ తిరుగుతుంది. చెన్నైకి ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, కోల్‌కతా హైవేను ఆనుకుని ఉన్న కవరైపేట్టైలో ప్రశ్నే వేరు. ఇక్కడ చలికాలమంటే ముందు వాన. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా సాగుతాయి. చెన్నైలో ఏడాదికి పడే సుమారు 1,400 మిల్లీమీటర్ల వానలో సగానికి పైగా ఈ మూడు నెలల్లోనే పడుతుంది. 2016లో వర్దా, 2020లో నివర్, 2023లో మిచాంగ్ తుఫాన్లు వచ్చింది కూడా నవంబరు, డిసెంబరు నెలల్లోనే. వాన వెలిశాక జనవరిలో తెల్లవారుజాము మంచు, సముద్రం మీంచి వచ్చే ఉప్పుతేమ మిగులుతాయి. ఇలాంటి చలికాలంలో బండి నిలబడుతుందా లేదా అన్నది బ్యాటరీ మీద కన్నా దాని చుట్టూ ఉన్న వైర్ల మీద, వాటి అతుకుల మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుందని నా వాదన. కొనేవాళ్లూ, అమ్మేవాళ్లూ, సబ్సిడీ ఇచ్చే ప్రభుత్వాలూ అందరూ బ్యాటరీనే చూస్తున్నారు. అతుకుల సంగతి ఎవరూ అడగడం లేదు.

ఈ ప్రాంతంలో ఆ ప్రశ్న ఎందుకు ముఖ్యమో అర్థం కావాలంటే ఇక్కడి రాకపోకలు చూడాలి. కవరైపేట్టైకి ఉత్తరాన గుమ్మిడిపూండి సిప్కాట్ పారిశ్రామికవాడ ఉంది. ఇంకా ముందుకు పోతే ఆరంబాక్కం దగ్గర రాష్ట్రం మారి తడ, సూళ్లూరుపేట వస్తాయి. పడమటగా సత్యవేడు వైపు శ్రీసిటీ కంపెనీలున్నాయి. ఊళ్లోనే ఆర్.ఎం.కె. ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మార్చి సత్యవేడు ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌కు, తిరుత్తణిని మద్రాసు రాష్ట్రానికి ఇచ్చినప్పటి నుంచీ ఇక్కడి తెలుగు కుటుంబాల చుట్టరికాలు, ఉద్యోగాలు, పొలాలు గీతకు అటూ ఇటూ పరుచుకునే ఉన్నాయి. చెన్నై నుంచి గుమ్మిడిపూండి దాకా లోకల్ రైలు నడుస్తుంది కానీ స్టేషన్ నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా, అర్ధరాత్రి షిఫ్టు దిగాక ఊరి దాకా సొంత బండే దిక్కు. ఇలా రోజుకు కొద్ది కిలోమీటర్లు, ఒకే దారిలో, ఒకే వేళకు తిరిగే మనిషికి కరెంటు బండి చక్కగా సరిపోతుంది. కాకపోతే అతని షిఫ్టు వాన చూసి మారదు. మోకాటి లోతు నీళ్లున్నా బండి తీయాల్సిందే.

చలి సంగతి ముందుగా తేల్చుకుందాం. లిథియం అయాన్ సెల్లులో కరెంటు ప్రవహించాలంటే అయాన్లు ఒక ద్రవం గుండా ఈదుకుంటూ వెళ్లాలి. చలికి ఆ ద్రవం చిక్కబడుతుంది, సెల్లు లోపలి నిరోధం పెరుగుతుంది, బరువు పడగానే వోల్టేజీ కిందికి జారుతుంది. సున్నా కింద చార్జింగ్ పెడితే లిథియం గ్రాఫైటు లోపలికి ఇంకకుండా దాని పైనే లోహంగా పేరుకుంటుంది. ఆ నష్టం తిరిగి పూడేది కాదు. అందుకే సెల్లు తయారీదారులు సాధారణంగా చార్జింగుకు 0 నుంచి 45 డిగ్రీల హద్దు పెడతారు. ఇదంతా నిజమే. అయితే కవరైపేట్టైలో జనవరి రాత్రి కనిష్ఠం సగటున 20 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. ఆ ఉష్ణోగ్రతలో లిథియం బ్యాటరీ దాదాపు తన పూర్తి సత్తాతోనే పని చేస్తుంది. తక్కువ ధర బండ్లలో వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీ 25 డిగ్రీల నుంచి 20కి దిగినప్పుడు ఓ ఐదు శాతం నష్టపోతుందనుకోవచ్చు. తెలుగు నేలలో నిజంగా చలికి భయపడాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. లంబసింగి, చింతపల్లి కొండల్లో కొన్ని రాత్రులు సున్నాకు దగ్గరగా వెళ్తాయి, ఆదిలాబాద్ అడవి మండలాల్లో కూడా గట్టి చలి ఉంటుంది. అక్కడ తెల్లవారుజామున చార్జింగ్ పెట్టకుండా ఎండెక్కే దాకా ఆగితే సరిపోతుంది.

మంచు దేశాల లెక్కలను కూడా మనం తొందరపడి చదువుతున్నాం. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో ఐదు కరెంటు కార్లను సుమారు మైనస్ 7 డిగ్రీల దగ్గర పరీక్షించి, హీటర్ వేస్తే ప్రయాణ దూరం సగటున 41 శాతం తగ్గిందని ప్రకటించింది. ఈ అంకె చాలా ప్రచారంలోకి వచ్చింది. హీటర్ వేయకుండా నడిపితే తగ్గింది 12 శాతమే అన్న రెండో అంకె అంతగా ప్రచారం కాలేదు. స్కూటర్‌కు గది లేదు, హీటరూ లేదు. కార్ల ఫలితాన్ని రెండు చక్రాల బండికి సరాసరి అంటగట్టలేం కానీ పోల్చదలిస్తే మనకు పనికొచ్చేది ఆ రెండో అంకె. అది కూడా నీళ్లు గడ్డకట్టే చలిలో. చలివల్ల వచ్చే నష్టానికి ఇంకో స్వభావం ఉంది. అది ముందుగా లెక్క కట్టగలిగేది, వాతావరణం వేడెక్కగానే చాలావరకు పోయేది. తడి చేసే నష్టం అలా కాదు. అది కనపడకుండా మొదలై, ప్రతి వానకూ కొంత పెరుగుతూ, ఆరాక కూడా అలాగే ఉండిపోతుంది.

మరి డిసెంబరులో బండి మైలేజీ తగ్గిందని చాలామంది అనుకోవడం భ్రమేనా? కాదు, తగ్గుతుంది. తడిరోడ్డు మీద టైరు నీటిని తోసుకుంటూ పోవాలి. గాలి చల్లబడితే టైరులో ఒత్తిడి పడిపోతుంది. 35 డిగ్రీల నుంచి 22కి దిగితే గాలి నాలుగు శాతం దాకా చిక్కబడి ఎదురుతోపు ఆ మేరకు పెరుగుతుంది. గుంతల్లో పదేపదే ఆపి కదిలించాలి. ఇవన్నీ చిన్న చిన్న కోతలు. వీటికి పైన పడేది, బ్యాటరీ ఖాతాలో తప్పుగా రాసుకునేది అతుకుల నిరోధం. దాన్ని కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే నా వాదన అంతా దాని మీదే నిలబడి ఉంది.

48 వోల్టుల బండి 1,000 వాట్లు లాగితే సుమారు 21 యాంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, ఇద్దరు కూర్చుని ఆగినచోటు నుంచి కదిలేటప్పుడు అది 40 దాకా పోవచ్చు. ఇంట్లో ఫ్యానూ లైట్లూ అన్నీ కలిపి వేసినా ఒక వైరులో అంత కరెంటు పోదు. ఇప్పుడు బ్యాటరీ నుంచి, మోటారుకు కరెంటును అందించే కంట్రోలర్‌కు వెళ్లే దారిలో ఒక కనెక్టర్ చిలుము పట్టి, దాని నిరోధం 10 మిల్లీ ఓములకు చేరిందనుకుందాం. మామూలు మల్టీమీటర్‌కు అది దొరకదు, సున్నాగానే చూపిస్తుంది. 20 యాంపియర్ల దగ్గర ఆ అతుకులో పుట్టే వేడి 4 వాట్లు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలై 16 వాట్లు అవుతుంది. వేలి గోరంత జాగాలో, ప్లాస్టిక్ తొడుగు లోపల 16 వాట్లంటే ఆ ప్లాస్టిక్ మెత్తబడటానికి చాలు. మెత్తబడితే లోపలి స్ప్రింగు పట్టు సడలుతుంది, పట్టు సడలితే నిరోధం ఇంకా పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. ఆగకుండా తిరిగే చక్రం ఇది. ఇలాంటి అతుకులు నాలుగైదు ఉంటే ఎత్తు ఎక్కేటప్పుడు రెండు వోల్టుల దాకా దారిలోనే హరించుకుపోతాయి. కంట్రోలర్‌కు తక్కువ వోల్టేజీ కనపడి, బ్యాటరీ అయిపోయిందనుకుని మోటారును కత్తిరిస్తుంది. నడిపేవాడికి కూడా అదే అనిపిస్తుంది. చలికి బ్యాటరీ చచ్చిందంటారు, వేలకు వేలు పోసి కొత్త ప్యాక్ వేయిస్తారు. కొత్త ప్యాక్ పెట్టేటప్పుడు పాత కనెక్టర్ ఎలాగూ మారుతుంది కాబట్టి జబ్బు నయమైనట్టే కనపడుతుంది. అసలు జబ్బు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ప్యాక్ మార్చమని చెప్పే ముందు, బండి మీద బరువు వేసి కదిలిస్తూ బ్యాటరీ టెర్మినళ్ల దగ్గరా కంట్రోలర్ దగ్గరా వోల్టేజీ కొలిచి రెండింటి తేడా చూడటం ఏ మెకానిక్ అయినా చేయగలిగిన పరీక్ష. ఆ తేడా ఒక వోల్టు దాటితే మొదట అనుమానించాల్సింది వైరింగునే.

చిలుము ఎలా పడుతుందన్నది ఈ తీరానికి సంబంధించిన కథ. కవరైపేట్టైకి తూర్పున పులికాట్ ఉప్పునీటి సరస్సు, దాని అవతల బంగాళాఖాతం ఉన్నాయి. గాలిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు కలిసిన నీటిపొర కరెంటును మోస్తుంది. ఎదురెదురుగా ఉన్న ప్లస్, మైనస్ పిన్నుల మధ్య ఆ పొర నిలిస్తే ప్లస్ పిన్ను లోహం మెల్లగా కరిగిపోతుంది. స్కూలు ప్రయోగశాలలో చూపించే విద్యుద్విశ్లేషణే ఇది. పెట్రోలు బండిలో ఇంజను ఆపితే చాలా వైర్లకు కరెంటు ఉండదు. కరెంటు బండి నిలిపి ఉన్నా కొన్ని తీగల్లో 48, 60 వోల్టులు నిలిచే ఉంటాయి, అంటే రాత్రంతా ఆ కరగడం సాగుతుంది. ఇంకో సంగతి వైరులోనే ఉంది. వైరు లోపల సన్నని రాగి తీగలు పెనవేసుకుని ఉంటాయి. ఒక చివర తడిస్తే నీరు ఆ సందుల్లోంచి, దీపపు వత్తిలో నూనె ఎక్కినట్టు, ఇన్సులేషన్ లోపలి నుంచే ఎక్కుతుంది. పైకి చూస్తే వైరు కొత్తదిలాగే ఉంటుంది, అడుగు దూరంలో కోసి చూస్తే రాగి నల్లబడి ఉంటుంది. చక్రం మధ్యలో ఉండే హబ్ మోటారు వైర్లు ఇరుసులోంచి బయటికి వస్తాయి కాబట్టి వైరు వెంట జారే నీరు తిన్నగా మోటారులోకి పోతుంది. బయటికొచ్చిన చోట వైరును కిందికి వంచి, ఆ వంపు అడుగున నీటిచుక్క రాలిపోయేలా పెట్టి ఆ తర్వాత పైకి తీసుకెళ్తే ఈ బాధలో సగం తప్పుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

నీరు మూతల్లోకి దూరే పద్ధతి మీద చాలామందికి ఒక నమ్మకం ఉంది: బండి మునగకపోతే చాలు, లోపలికి రాదని. ఇది లెక్కకు నిలవదు. గంటసేపు నడిచిన కంట్రోలర్ పెట్టెలో గాలి 60 డిగ్రీల దాకా వేడెక్కి ఉంటుంది. ఆ వేడిమీదే బండి 26 డిగ్రీల వరదనీటిలోకి దిగితే లోపలి గాలి చల్లబడి దాని ఒత్తిడి దాదాపు పది శాతం తగ్గుతుంది. ఆ పది శాతం ఒక మీటరు లోతు నీటి ఒత్తిడికి సమానం. అంటే నీరు అడుగు లోతే ఉన్నా, పెట్టె మూతకున్న రబ్బరు వాషరు మీద ఆ మీటరు లోతు ఒత్తిడి అదనంగా పడుతుంది. నీరు దూరడం అనే కన్నా పెట్టె నీటిని పీల్చుకుంటుందనడం సరైన మాట. మంచి తయారీదారులు దీనికోసమే గాలిని రానిచ్చి నీటిని ఆపే పొరను పెట్టెకు అమరుస్తారు. కరెంటు కిట్టు కొని ఊళ్లో బిగించిన సైకిళ్లలో చాలావాటికి అది ఉండదు. ఉన్న రంధ్రాన్ని కూడా నీరు పోతుందని సిలికాన్ పూసి మూసేస్తారు. ఆ పని మేలు కన్నా కీడే చేస్తుంది. పీల్చుకున్న నీరు బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది.

పెద్ద కరెంటు వైర్లలో చిలుము బండిని ఆపేస్తుంది. చిన్న కరెంటు వైర్లలో చిలుము మనిషిని పడేస్తుంది. యాక్సిలరేటర్ పిడిలో ఉండేది ఒక హాల్ సెన్సర్, దానికి మూడు వైర్లు: 5 వోల్టుల ఎరుపు, నేల నలుపు, సంకేతం మోసే మూడోది. పిడి తిప్పకపోతే సంకేతం ఒక వోల్టు లోపు ఉంటుంది, పూర్తిగా తిప్పితే నాలుగు దగ్గరికి పోతుంది. ఇందులో నల్ల వైరు తెగినా, దాని పిన్ను చిలుముతో వదులైనా సంకేతం కిందికి పడకుండా పైకి ఎగబాకగలదు. మంచి కంట్రోలర్ అది తప్పుడు సంకేతమని గుర్తించి మోటారును ఆపుతుంది. చౌక కంట్రోలర్ దాన్ని పూర్తి వేగం ఆజ్ఞగా తీసుకోవచ్చు. మోటారు లోపలి హాల్ సెన్సర్ల వైర్లు తడిస్తే బండి ఉలిక్కిపడినట్టు కుదుపులతో కదులుతుంది, తడి రోడ్డు మీద ఆ కుదుపు చాలు జారడానికి. బ్రేకు నొక్కగానే మోటారును కత్తిరించే స్విచ్చు వైరును కొందరు బాధ పడలేక పీకేస్తారు. తడికి అది ఊరికే షార్టవుతుంది, బండి కదలదు, పీకేస్తే కదులుతుంది. యాక్సిలరేటర్ చెడినప్పుడు మనిషిని కాపాడే చివరి తీగ అది. దాన్ని పీకేసిన బండిని వానలో నడపకూడదని గట్టిగా చెప్పాలి.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. మనుషుల ప్రాణాలు తీసింది బ్యాటరీలు కదా, అతుకుల గురించి ఇంత మాట ఎందుకు? 2022 మార్చిలో వెల్లూరులో ఇంటి దగ్గర చార్జింగ్‌లో ఉన్న స్కూటర్ అంటుకుని తండ్రీ కూతురూ పొగకు ఊపిరాడక చనిపోయారు. అదే నెలాఖరులో చెన్నై ఉత్తర శివారు మంజంబాక్కంలో రోడ్డు మీదే ఒక బండి తగలబడింది. ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి చనిపోయారు. సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద కరెంటు స్కూటర్ల షోరూమ్, పైన హోటల్ ఉన్న భవనంలో మంటలు లేచి ఎనిమిది మంది మరణించారు. ఈ లెక్కను తగ్గించి చూపడం నా ఉద్దేశం కాదు. వేసవి నెలల్లో జరిగినవి ఇందులో ఎక్కువ అన్నది కూడా ఒప్పుకోవాలి. వేడి బ్యాటరీకి చలికన్నా పెద్ద శత్రువు, 2003 మే 31న చెన్నైలో 45 డిగ్రీలు నమోదైన ప్రాంతం ఇది. అయినా ఆ సంఘటనల తర్వాత ఏం జరిగిందో చూడాలి. కేంద్రం హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ ఏ.ఆర్.సి.ఐ. డైరెక్టర్ టాటా నరసింగరావు అధ్యక్షతన నిపుణుల కమిటీ వేసింది. దాని సిఫార్సులతో బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏ.ఐ.ఎస్. 156 ప్రమాణాన్ని సవరించి, మొదటి విడతను 2022 డిసెంబరు 1 నుంచి, రెండో విడతను 2023 మార్చి 31 నుంచి అమల్లోకి తెచ్చారు. ప్యాక్ నీటిలో మునిగినా తట్టుకోవాలి, ఒక సెల్లు వేడెక్కితే పక్కవాటికి పాకకుండా ఎడం ఉండాలి, ముందే హెచ్చరిక మోగాలి, బ్యాటరీని అదుపు చేసే బీఎంఎస్ కావలసిన రక్షణలన్నీ ఇవ్వాలి. ఇది మంచి పని, ప్రాణాలు కాపాడే పని. ప్యాక్‌కు ఒక కాపలాదారు వచ్చాడు. ప్యాక్ బయట, ఊరి మెకానిక్ చేతిలో రెండేళ్ల తర్వాత వేసే అతుకుకు కాపలా ఎవరూ లేరు. వెల్లూరు సంఘటనలో కూడా బండిని పాత సాకెట్‌కు తగిలించడం వల్ల షార్ట్ సర్క్యూట్ అయి ఉంటుందన్నది అప్పట్లో వినిపించిన తొలి అంచనా. నిప్పు రగిలింది బ్యాటరీలో అయినా దాని దాకా వెళ్లిన దారి వైరింగే కావచ్చని ఆ అంచనా గుర్తు చేస్తుంది.

ఇప్పటి బండ్లన్నిటికీ నీటిని తట్టుకుంటాయని చెప్పే ఐపీ 67 గుర్తు ఉంది కదా, ఇంకేం భయం అనేది రెండో అభ్యంతరం. ఆ గుర్తులోని 7కు అర్థం ఏమిటంటే, ఒక మీటరు లోతు నీటిలో అరగంట ముంచినా చెడేంత నీరు లోపలికి రాకూడదని. పరీక్షకు పెట్టేది కొత్త వస్తువు, నీరు మంచినీరు, వస్తువు కదలదు. మిచాంగ్ వచ్చినప్పుడు ఉత్తర చెన్నై వీధుల్లో నిలిచింది మంచినీరు కాదు, మురుగు, బురద కలిసిన వరద. ఎన్నూరు వైపు చమురు కూడా కలిసింది. మూడు వేసవుల ఎండకు గట్టిపడిన రబ్బరు వాషరు కొత్తదానిలా కూర్చోదు. ఇన్సులేషన్ టేపు జిగురు మే నెలలోనే కరిగి జారిపోతుంది, అది తెలిసేది అక్టోబరు వానలో. అందుకే మన దగ్గర చలికాలపు జాగ్రత్త సెప్టెంబరులో మొదలవ్వాలి. పైగా బండి మీద ఐపీ 67 అని రాసి ఉంటే అది చాలాసార్లు ప్యాక్‌కు, మోటారుకు వర్తించే మాట. హ్యాండిల్ కింద తలవంచుకుని ఉండే డజను చిన్న కనెక్టర్లకు అది వర్తిస్తుందో లేదో కొనేవాడు విడిగా అడగాలి.

మంచు దేశాల్లో ఉన్న మనవాళ్ల అనుభవం ఈ వాదనకు ఎదురు నిలుస్తుందనుకుంటే తిరిగి చూడాలి. తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉన్న టొరంటోలో 2023 డిసెంబరు 31న ఒక మెట్రో రైల్లో కరెంటు సైకిల్ బ్యాటరీ అంటుకుంది. ఆ తర్వాత అక్కడి రవాణా సంస్థ నవంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా లిథియం బ్యాటరీ సైకిళ్లను బస్సుల్లో, రైళ్లలో నిషేధించింది. ఆ నిషేధపు నెలలు అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లే నెలలు. ఉప్పు మంచును కరిగిస్తుంది, కరిగిన ఉప్పునీరు చక్రాల మీంచి ఎగిరి కనెక్టర్లలోకి పోతుంది. కవరైపేట్టైకి సముద్రం పంపే ఉప్పును అక్కడ మునిసిపాలిటీ లారీల్లో తెచ్చి పోస్తుందన్నమాట. చలి తీవ్రతలో రెండు ఊళ్లకూ పోలిక లేదు కానీ వైరింగును తినే శత్రువు ఒక్కటే. న్యూయార్క్‌లో 2023లో లిథియం బ్యాటరీల వల్ల 268 అగ్నిప్రమాదాలు జరిగి 18 మంది చనిపోయారు. ఆ సెప్టెంబరు నుంచి ఆ నగరం ప్రమాణపత్రం లేని బండ్ల అమ్మకాన్ని నిషేధించింది. ఆ ప్రమాణాల్లో ఒకటి బ్యాటరీకి, ఇంకోటి సైకిల్‌లోని మొత్తం విద్యుత్ వ్యవస్థకు: మోటారు, కంట్రోలర్, చార్జర్, వైర్లు అన్నీ కలిపి ఒక్కటిగా పరీక్షిస్తారు. మనం చూసి నేర్చుకోవలసింది ఆ రెండోదాన్ని.

మన విధానాల్లో ఆ చూపు లేదు. కరెంటు బండ్లకు కేంద్రం సాయం చేసే ఫేమ్ పథకం రెండో దశ 2024 మార్చి దాకా సబ్సిడీని బ్యాటరీ కిలోవాట్ అవర్లను బట్టే ఇచ్చింది, అదే ఏడాది అక్టోబరులో వచ్చిన పీఎం ఇ-డ్రైవ్ కూడా అదే కొలతతో ఇచ్చింది. ఎంత పెద్ద బ్యాటరీ అయితే అంత సాయం, ఒక హద్దు దాకా. ఆ బండి మూడో వానలో ఎలా ఉంటుందన్నది ఆ లెక్కలో రాదు. 250 వాట్ల లోపు, 25 కిలోమీటర్ల వేగం దాటని బండ్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. పేదవాళ్లు, చదువుకునే పిల్లలు, వయసు పైబడ్డవాళ్లు కొనేవి అవే, అతుకుల నాణ్యత అన్నిటికన్నా తక్కువగా ఉండేదీ వాటిలోనే. జాగ్రత్తలన్నీ ఖర్చు పెంచి, ఈ బండిని వాళ్లకు అందకుండా చేస్తాయని అనేవాళ్లున్నారు. ఖర్చు లెక్క చూస్తే ఆ మాట నిలవదు. జిగురు పూత ఉన్న హీట్ ష్రింక్ స్లీవు, సరైన సైజు రాగి లగ్గు, కనెక్టర్‌లో పూసే గ్రీజు, బ్యాటరీ ప్లస్ దగ్గరే ఒక ఫ్యూజు: అన్నీ కలిపినా కొన్ని వందల రూపాయల్లో తేలిపోయేవి. ఖరీదైంది పనితనం. తీగలు మెలిపెట్టి టేపు చుట్టడం నిమిషం పని, లగ్గును తగిన పళ్లున్న పనిముట్టుతో నొక్కడం ఐదు నిమిషాల పని. సోల్డర్ చేస్తే గట్టిగా ఉంటుందని కొందరు మెకానిక్కులు నమ్ముతారు. సోల్డర్ వైరులోకి పాకి ఆ భాగాన్ని కడ్డీలా బిరుసు చేస్తుంది, కుదుపులకు సరిగ్గా ఆ అంచునే తీగ విరుగుతుంది. ఇది నేర్పితే ఒక్కరోజులో వచ్చే విద్య. గుమ్మిడిపూండి, పొన్నేరి, సూళ్లూరుపేటల్లో పంక్చర్ షాపు పక్కనే కరెంటు బండి బాగుచేసేవాళ్లు ఉన్నారు. వాళ్లకు సెప్టెంబరు నెలలో నాలుగు రోజుల శిక్షణ ఇవ్వడానికి ఐటీఐలకూ, ఎలక్ట్రికల్ విభాగం ఉన్న కవరైపేట్టై కాలేజీలకూ పెద్ద సన్నాహం అక్కర్లేదు.

ఇంటి గోడలోని వైరింగు కూడా బండి వైరింగులో భాగమే. చార్జర్ గంటల తరబడి ఆగకుండా లాగుతుంది. వదులైన సాకెట్‌లో, సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు మీద, కనెక్టర్‌లో చెప్పుకున్న వేడి లెక్కే ఇక్కడా వర్తిస్తుంది. వరండాలో చార్జింగ్ పెట్టే ఇళ్లలో జల్లు కొట్టే వైపు సాకెట్ ఉంటే ఆ రాత్రి పెట్టకూడదు. ఎర్తు నిజంగా ఉందో, మూడో పిన్ను ఊరికే అలంకారంగా ఉందో ఎలక్ట్రీషియన్ చేత ఒక్కసారి చూపించాలి. 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ బిగిస్తే, తడి చేత్తో ముట్టుకున్నప్పుడు మనిషి గుండా పోయే కరెంటును అది క్షణంలో తెంచుతుంది. వానాకాలంలో అది కొట్టేస్తోందని దాన్ని తీసి పక్కన పెట్టడం బ్రేకు స్విచ్చు పీకేయడం లాంటిదే. చార్జింగ్ బండి నడిపి వచ్చిన వెంటనే కాకుండా, తుడిచి, ఆరి, ప్యాక్ చల్లబడ్డాక పెట్టాలి. పడుకునే గదిలో, బయటికి పోయే దారికి అడ్డంగా పెట్టకూడదన్నది విజయవాడ, నిజామాబాద్ సంఘటనల తర్వాత ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు.

పెట్రోలు బండి మాత్రం వరదలో చెడదా అని అడిగేవాళ్లున్నారు. చెడుతుంది. అయితే దాని తర్వాతి దారి అందరికీ తెలుసు: ప్లగ్గు విప్పి తుడిచి, నూనె మార్చి, నాలుగు కిక్కులు కొడతారు, బండి లేస్తుంది. మునిగిన కరెంటు బండి దారి వేరు. 2022 సెప్టెంబరు చివర్లో అమెరికాలో ఇయన్ తుఫాను ఫ్లోరిడాను ముంచినప్పుడు ఉప్పునీటిలో మునిగిన కొన్ని కరెంటు కార్లు నీరు దిగిపోయిన రోజుల తర్వాత అంటుకున్నాయి. ప్యాక్ లోపల ఉప్పు మిగిలి, సెల్లుల మధ్య మెల్లగా దారి చేసుకుంది. పిచ్చాటూరు దగ్గర ఆరణి నది జలాశయం గేట్లు ఎత్తితే ఊత్తుక్కోట్టై నుంచి పొన్నేరి దాకా ఒడ్డు ఊళ్లన్నిటికీ హెచ్చరిక వస్తుంది. ఆ హెచ్చరికతో పాటే కరెంటు బండ్లను ఎత్తైన చోట పెట్టమని, మునిగితే ఏం చేయాలో రెండు భాషల్లోనూ చెప్పే ఏర్పాటు ఉండాలి. చెప్పాల్సింది ఇంతే: ప్యాక్ దాకా నీరొచ్చిన బండికి తాళం తిప్పకూడదు, చార్జింగ్ పెట్టకూడదు, ఎండలో ఆరబెట్టి తిరిగి వాడకూడదు. ఇంటి గోడకూ గడ్డివాముకూ ఇతర బండ్లకూ దూరంగా, ఆరుబయట నిలిపి, కంపెనీ మనిషి వచ్చి ప్యాక్ విప్పి చూసే దాకా అక్కడే ఉంచాలి. సరిహద్దు ఇవతల కొన్న బండికి అవతలి సర్వీసు కేంద్రం కూడా ఆ పరీక్ష చేసి తీరాలని రెండు రాష్ట్రాల రవాణా శాఖలూ కలిసి నిర్దేశించాలి.